"వస్తావా?" అని అడిగే గుర్తుకి తప్పు పేరు: నోసు భాష, లిపి కథ

ఈరోజు ఒక చిన్న గుర్తు దగ్గర మొదలుపెడదాం.

మీ ఫోన్‌లో ఏ అక్షరం కనిపించినా దాని వెనకాల యూనికోడ్ అనే పెద్ద పట్టిక ఉంటుంది. ప్రతి అక్షరానికీ ఒక నంబరు, ఒక పేరు. మన తెలుగుకి అందులో 128 గళ్ళు ఇచ్చారు. అదే పట్టికలో ఇంకొంచెం కిందకి వెళ్తే యీ అనే లిపి ఉంటుంది. దానికి ఏకంగా 1,165 అక్షరాలు. అందులో ఒకదాని పేరు "యీ సిలబుల్ వు". పేరు చూసి అది "వు" అనే అక్షరం అనుకుంటాం కదా. కాదు. అది అసలు అక్షరమే కాదు. "నా ముందున్న అక్షరాన్ని ఇంకోసారి పలుకు" అని చెప్పే గుర్తు అది.

మరి పేరు మార్చెయ్యొచ్చు కదా అంటారేమో. కుదరదు. యూనికోడ్‌లో ఒకసారి పేరు పెట్టాక మార్చకూడదని గట్టి రూల్. ఆ పేరు మీద ఆధారపడి ఎక్కడెక్కడ ఏ సాఫ్ట్‌వేర్ నడుస్తోందో ఎవరికి తెలుసు? అందుకే తప్పు పేరు అలాగే ఉంచేసి, పక్కన సవరణ పేరు ఒకటి జోడించారు. మన రేషన్ కార్డులో ఒక పేరు, ఇంట్లో ఒక పేరు ఉన్నట్టు.

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఆ భాషలో ఆ గుర్తు చేసే పని చిన్నది కాదు. తెలుగులో ప్రశ్న అడగాలంటే ఏం చేస్తాం? చివరి అచ్చుని సాగదీస్తాం. "వస్తావు" అంటే మామూలు మాట, "వస్తావా" అంటే ప్రశ్న. నోసు భాషలో మాటని రెండుసార్లు అంటారు. "లా" అంటే రావడం. "లా లా" అంటే "వస్తావా?" అని. "బో" అంటే వెళ్ళడం, "బో బో" అంటే "వెళ్తావా?" మాట పొడుగుదైతే చివరి సిలబుల్ ఒక్కటే రెట్టిస్తారు. అంటే అవునా కాదా అని అడిగే ప్రతి ప్రశ్నలోనూ ఈ రెట్టింపు ఉంటుంది. రాసేటప్పుడు ఆ పని చేసిపెట్టేది మన తప్పు పేరు గుర్తే.

సరే, ఎవరీ నోసులు?

చైనా మ్యాప్‌లో నైరుతి మూలకి వెళ్ళండి. సిచువాన్ రాష్ట్రం దక్షిణ భాగంలో లియాంగ్‌షాన్ అని ఒక ప్రాంతం ఉంది. ఆ పేరుకి చల్లని కొండలు అని అర్థం. దాని ముఖ్యపట్టణం షీచాంగ్. రాకెట్ల పిచ్చి ఉన్నవాళ్ళకి ఈ పేరు తెలిసే ఉంటుంది, మనకి శ్రీహరికోట ఎలాగో చైనాకి షీచాంగ్ అలాగ. ఆ లాంచ్‌ప్యాడ్ చుట్టూ ఉన్న కొండల్లో మాట్లాడే భాషే నోసు. మాట్లాడేవాళ్ళు సుమారు 20 లక్షలు. భాషా కుటుంబం చూస్తే బర్మీస్‌కి దగ్గర చుట్టం, టిబెటన్‌కి దూరపు చుట్టం, చైనీస్‌కి ఇంకా దూరం.

"నో" అంటే నలుపు, "సు" అంటే మనుషులు. నల్లవాళ్ళు అని వాళ్ళకి వాళ్ళే గర్వంగా పెట్టుకున్న పేరు. మనకి ఇది వింతగా అనిపిస్తుంది, ఫెయిర్‌నెస్ క్రీముల దేశం కదా మనది. అక్కడ నలుపు గొప్ప వంశానికి గుర్తు.

ప్రభుత్వం పెట్టిన పేరు మాత్రం యీ. పూర్వం చైనీస్‌లో ఈ జనాన్ని పిలిచిన "యీ" అనే మాటకి అనాగరికులు అనే అర్థం వచ్చేది. 1949 తర్వాత కొత్త ప్రభుత్వం అదే ఉచ్చారణ ఉన్న వేరే చైనీస్ అక్షరాన్ని తీసుకుంది. దాని అర్థం పూజలో వాడే పాత్ర, ఆ అక్షరం లోపల బియ్యం, పట్టు అనే గుర్తులు కూడా ఉంటాయి. ఆ సలహా మావోదే అని చెబుతుంటారు. శబ్దం అదే, రాత మాత్రం వేరు. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. యీ అన్నది ఒక భాష పేరు కాదు. 1953లో చైనా జనాభా లెక్కలు తీసినప్పుడు "మీ జాతి పేరేంటి" అని అడిగితే ఒక్క యునాన్ రాష్ట్రం నుంచే 200కి పైగా పేర్లు వచ్చాయి. అన్ని పేర్లతో ఏ ప్రభుత్వం పని చేస్తుంది? 1954లో పరిశోధకుల బృందం ఒకటి యునాన్ వెళ్ళి, భాషల పోలికలు చూసి వాటిని కొన్ని పెద్ద గుంపులుగా కలిపేసింది. అలా తయారైన పెద్ద గుంపుల్లో యీ ఒకటి. 2020 లెక్కల ప్రకారం వాళ్ళ జనాభా సుమారు 98 లక్షలు. వాళ్ళ మాటల్ని చైనా భాషా శాస్త్రవేత్తలు ఆరు మాండలికాలుగా విడదీశారు: ఉత్తరం, తూర్పు, దక్షిణం, ఆగ్నేయం, పడమర, మధ్య. నోసు ఉత్తరం వాళ్ళది.

మాండలికాలు అన్నారు కదా అని తెలంగాణ తెలుగు, కోస్తా తెలుగు, రాయలసీమ తెలుగు లాగా ఊహించుకోవద్దు. ఆదిలాబాద్ మనిషి, చిత్తూరు మనిషి పక్కపక్కన కూర్చుంటే కాసేపు ఒకళ్ళ యాస మీద ఒకళ్ళు జోకులేసుకుంటారు, తర్వాత హాయిగా మాట్లాడుకుంటారు. లియాంగ్‌షాన్ నోసు మనిషి, యునాన్ సానీ మనిషి అలా మాట్లాడుకోలేరు. ఇద్దరి ఐడీ కార్డు మీదా యీ అనే ఉంటుంది, మాట్లాడుకోవడానికి మాత్రం చైనీసే దిక్కు. తెలుగువాళ్ళనీ కన్నడిగుల్నీ తమిళుల్నీ కలిపి "మీదంతా ఒకే భాష, మాండలికాలు వేరు" అన్నట్టు ఉంటుంది. నా దృష్టిలో వీటిని ఆరు మాండలికాలు అనడం ఆఫీసు ఫైలుకి వీలుగా ఉండే లెక్క, చెవికి వినపడే లెక్క కాదు.

నోసులో కూడా లోపల యాసలున్నాయి. పెద్దవి మూడు: యీనో, షెంగ్‌జా, సోన్‌ది. వీటిని గుర్తుపట్టడానికి చైనీస్‌లో భలే పద్ధతి ఉంది, ప్యాంటు చూసి చెప్తారు. యీనో మగవాళ్ళ ప్యాంటు కాళ్ళ దగ్గర చాలా వెడల్పు, లంగాలాగా ఉంటుంది. షెంగ్‌జా వాళ్ళది మధ్యస్థం. సోన్‌ది వాళ్ళది చీలమండ దగ్గర బిగుతు. పెద్ద ప్యాంటు యాస, మధ్య ప్యాంటు యాస, చిన్న ప్యాంటు యాస అని నిజంగానే అంటారు. ఈ మధ్య ప్యాంటుని మర్చిపోవద్దు, కథలో గెలిచేది అదే.

ఇప్పుడు శబ్దాలు. ఈ భాగం ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినాల్సింది. చదువుతున్నవాళ్ళు మీరే పలికి చూసుకోండి.

చిన్నప్పుడు వర్ణమాలలో "ఙ" నేర్చుకున్నాం. ఎందుకు నేర్చుకున్నామో ఎవరూ చెప్పలేదు. దానితో మొదలయ్యే ఒక్క మాట కూడా మనకి లేదు. నోసులో "నేను" అనడానికి మాట "ఙా". మనం మాట మొదట్లో ఎప్పుడూ వాడని అక్షరంతో వాళ్ళు రోజుకి వందసార్లు "నేను" అంటారు. బర్మీస్‌లో అయిదుని "ఙా" అంటారు, నోసు అయిదు కూడా ఙకారంతోనే మొదలవుతుంది. చుట్టరికం అలా బయటపడుతుంది.

మనకి ఇంకో అడ్వాంటేజ్ ఉంది. "చలి"లో చ, "చిన్న"లో చ ఒకటేనా? మెల్లగా పలికి చూడండి. చలి అన్నప్పుడు నాలుక పళ్ళ వెనక్కి వస్తుంది, పాత పుస్తకాల్లో దాన్ని "ౘ" అని రాసేవాళ్ళు. హిందీవాళ్ళకి ఈ తేడా చెప్పడానికి చెమటలు పడతాయి. నోసులో ఈ రెండూ ఉన్నాయి, ఇవి కాక నాలుక వెనక్కి మడిచి పలికే మూడో చ ఉంది. మూడిట్లో ఒక్కోదానికీ నాలుగు రూపాలు: మామూలుది, ఒత్తుది, జ లాంటిది, ముందు న తగిలించి "న్జ" లాంటిది. మొత్తం 12 శబ్దాలు. మనం చ, ఛ, జ, ఝ అని నాలుగు అక్షరాలతో సరిపెట్టుకునే చోట వాళ్ళకి పన్నెండు.

ప దగ్గర కూడా అంతే. ప, ఒత్తు ప, బ, మ్బ. ఇవి చాలవని గాలి ఊదుతూ పలికే మ ఒకటి. గొంతు కంపించకుండా ముక్కులోంచి ఊపిరి వదిలి తర్వాత మ అనాలి. న, ల లకి కూడా అలాంటి జోడీలున్నాయి. మొత్తం హల్లులు 43.

అచ్చుల్లో అయితే నాకు బాగా నచ్చినవి జుమ్మనే అచ్చులు. "జ్జ్జ్" అని దోమ చెవి దగ్గర చేరినట్టు శబ్దం, దాన్నే అచ్చుగా వాడతారు. మనకి అచ్చు అంటే నోరు తెరవాలి. వాళ్ళు పళ్ళ మధ్యన గాలి రాపిడి పెట్టి కూడా అచ్చు తయారు చేస్తారు.

ఇన్నిటి మీద స్వరాలు: ఎత్తు, మధ్య, కింద, మధ్యకి ఎత్తుకి నడుమ ఇంకొకటి. ఒకే "వో" ఎత్తులో అంటే ఒక మాట, కింద అంటే ఇంకో మాట.

ఇంత సంక్లిష్టంగా ఉన్నా ఒక్క విషయంలో అది అచ్చం మన తెలుగే. అజంత భాష. ప్రతి సిలబుల్ అచ్చుతోనే ముగుస్తుంది, మినహాయింపు లేదు. ఆ మాటకొస్తే తెలుగు కంటే కఠినం, మధ్యలో ఒత్తులు, పొల్లులు కూడా కుదరవు.

దీన్ని వాడుకుని భాషావేత్తలు ఒక తెలివైన పని చేశారు. నోసుని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసేటప్పుడు స్వరాన్ని ఎలా చూపించాలి? పైన గీతలు, చుక్కలు పెడితే టైప్ చెయ్యడం కష్టం. సిలబుల్ చివర హల్లు ఎప్పుడూ రాదు కాబట్టి ఆ స్థానం ఖాళీయే కదా. అక్కడ టీ పెడితే ఎత్తు స్వరం, పీ పెడితే కింది స్వరం, ఎక్స్ పెడితే నడిమి స్వరం, ఏమీ పెట్టకపోతే మధ్య స్వరం. వాడని బిట్‌ని వేరే పనికి వాడుకున్నట్టు. కాబట్టి నోసు మాట ఇంగ్లిష్ అక్షరాల్లో కనిపిస్తే చివరి పీని పలకొద్దు. అలాగే మొదట్లో ఒక్క బీ ఉంటే అది బ కాదు, ప. రెండు బీలుంటేనే బ.

బిమో అనే మాట ఇందుకు మంచి ఉదాహరణ. రాసేది బీతో, పలికేది "పిమో". ఈ బిమోలు లేకపోతే లిపి కథే లేదు.

బిమో అంటే నోసుల పురోహితుడు. "బి" అంటే మంత్రం చదవడం, "మో" అంటే గురువు. ఎక్కువగా తండ్రి నుంచి కొడుక్కి వచ్చే విద్య. మామూలు జనానికి చదువు రాదు, బిమోకి వచ్చు. అతని దగ్గర చేతిరాత పుస్తకాలుంటాయి: వంశావళులు, రోగాలు పోగొట్టే మంత్రాలు, శాంతులు. అన్నిటికంటే ముఖ్యమైనవి దారి చూపించే పాఠాలు. మనిషి చనిపోయాక బిమో ఆ ఆత్మకి దారి చదివి వినిపిస్తాడు. ఈ కొండ దాటు, ఆ నది దాటు, ఫలానా ఊళ్ళో ఆగు అంటూ వరసగా ఊళ్ళ పేర్లు చెప్పుకుంటూ పూర్వీకులు బయల్దేరిన చోటికి తీసుకెళ్తాడు. వలస వచ్చిన దారినే వెనక్కి నడిపించడం అన్నమాట. ఆ పుస్తకం పోతే ఆ ఇంటివాళ్ళకి తిరిగి వెళ్ళే దారి పోయినట్టే.

ఈ లిపి చైనీస్ నుంచి పుట్టింది కాదు, అక్షరాల ఆకారాలే వేరు. తేదీ ఉన్న పాత ఆనవాళ్ళలో గ్వెయ్‌జో రాష్ట్రంలో దొరికిన కంచు గంట ఒకటి, అది 1485 నాటిది. వాడే గుర్తులు వేలల్లో ఉండేవి. ఒక్కో బిమో వంశం రాత ఒక్కోలా. గ్వెయ్‌జో, యునాన్ పుస్తకాల్లో నిలబడి ఉన్న అక్షరం లియాంగ్‌షాన్ పుస్తకంలో పక్కకి పడుకుని కనిపిస్తుంది. గుర్తు మొదట అర్థానికే పుట్టినా, లియాంగ్‌షాన్ బిమోలు అదే శబ్దం ఉన్న వేరే మాటకి కూడా దాన్నే వాడేసేవాళ్ళు. అంటే సగం అర్థం, సగం శబ్దం.

1950లలో ప్రభుత్వం వచ్చి లాటిన్ అక్షరాలతో కొత్త లిపి ఇచ్చింది. నేర్చుకోవడం తేలిక, ప్రింటింగ్ తేలిక, ఏ ఇంజనీర్‌ని అడిగినా అదే బెస్ట్ అంటాడు. నిలబడలేదు. తమకంటూ వందల ఏళ్ళ లిపి ఉన్న జనానికి కొత్తది ఇచ్చి ఇది సులువు అంటే ఎందుకు తీసుకుంటారు?

తర్వాత సాంస్కృతిక విప్లవం, 1966 నుంచి. బిమోలది మూఢనమ్మకం అన్నారు, పూజలు ఆపించారు, పుస్తకాలు తగలబెట్టారు. కొందరు దాచుకున్నారు. విచిత్రం ఏంటంటే ఆ విప్లవం ఇంకా నడుస్తుండగానే, 1974లో, సిచువాన్‌లో అధికారులు బిమోల లిపినే తీసుకుని అందరికీ పనికొచ్చే ప్రామాణిక లిపి తయారు చెయ్యడం మొదలుపెట్టారు. మంత్రం వద్దు, మంత్రం రాసిన అక్షరం మాత్రం కావాలి.

పద్ధతి ఇది. అర్థం సంగతి పక్కన పెట్టు. ఒక సిలబుల్‌కి ఒకే గుర్తు. ఒకే శబ్దానికి పది రకాల గుర్తులుంటే ఒకటి ఉంచు, తొమ్మిది తీసెయ్. ఎవరి శబ్దం? షెంగ్‌జా యాస, అందులోనూ షీదె అనే కౌంటీలో పలికే తీరు. మధ్య ప్యాంటు గెలిచిందని చెప్పాను కదా. అలా తేలినవి 756 గుర్తులు. చైనీస్ నుంచి అప్పు తెచ్చుకున్న మాటల కోసం ఇంకో 63. మొత్తం 819. నడిమి స్వరానికి వేరే గుర్తు పెట్టకుండా, మధ్య స్వరం గుర్తు మీదే చిన్న వంపు గీశారు. వంపు ఉన్నవి 345. అదీ ఇదీ కలిపితే 1,164. రెట్టింపు గుర్తు ఒకటి. లెక్క సరిపోయింది, 1,165. 1980లో చైనా కేంద్ర ప్రభుత్వం ఆమోదముద్ర వేసింది.

ఈసారి జనం తీసుకున్నారు. లియాంగ్‌షాన్ పల్లెల్లో అక్షరాస్యత ఉద్యమం నడిచింది, ఒకప్పుడు బిమో ఇంటికే పరిమితమైన అక్షరం ఆడవాళ్ళకీ పిల్లలకీ అందింది. పేపరు వచ్చింది, పాఠ్యపుస్తకాలు వచ్చాయి. నోసులోనే కవిత్వం రాసే అకు వువు లాంటి కవులు వచ్చారు. అదే లియాంగ్‌షాన్‌లో పుట్టిన జిది మాజియా చైనీస్‌లో రాసి ప్రపంచానికి తెలిశాడు. ఇద్దరూ నోసులే. బడుల్లో కూడా ఇలాగే రెండు దారులు ఉండేవి: అన్ని సబ్జెక్టులూ నోసులో చెప్పి చైనీస్‌ని ఒక సబ్జెక్టుగా పెట్టేవి కొన్ని, అన్నీ చైనీస్‌లో చెప్పి నోసుని ఒక సబ్జెక్టుగా పెట్టేవి కొన్ని. ఉద్యోగాలు ఏ దారిలో ఉన్నాయో మీకు చెప్పక్కర్లేదు, ఇంగ్లిష్ మీడియం గొడవ చూసినవాళ్ళమే.

1991లో కంప్యూటర్ కోసం జాతీయ ప్రమాణం వచ్చింది. 1999లో యూనికోడ్ 3.0లోకి ఎక్కింది. విండోస్ విస్టాతో ఫాంట్ కూడా వచ్చేసింది. తెలుగు లిపిని స్క్రీన్ మీద చూపించడం సాఫ్ట్‌వేర్‌కి నిజంగా కష్టం, హల్లు, ఒత్తు, గుణింతం అప్పటికప్పుడు కలిపి బొమ్మ తయారు చెయ్యాలి. 2018లో "జ్ఞా" అనే ఒక్క అక్షరం ఐఫోన్లని క్రాష్ చేసింది గుర్తుందా? యీ లిపికి ఆ బాధ లేదు. ఒక నంబరు, ఒక బొమ్మ, అంతే. కోడ్ రాసేవాడికి స్వర్గం.

కానీ ఆ స్వర్గానికి కంచె ఉంది. తెలుగులో ఉన్న ముక్కల్ని ఎలా కావాలంటే అలా కలుపుకోవచ్చు. శ్రీకాకుళం వాళ్ళు పలికేదీ, పాలమూరు వాళ్ళు పలికేదీ, ఎవరూ ఇంతవరకు అనని మాట కూడా రాయొచ్చు. యీ లిపిలో ముక్కలు లేవు, పూర్తయిన సిలబుళ్ళే ఉన్నాయి. షీదెలో పలకని సిలబుల్ మీ ఊళ్ళో ఉందంటే దానికి గుర్తు లేదు. సోన్‌ది యాస షెంగ్‌జాకి బాగా దూరం. అక్కడి పిల్లాడు బడిలో తన భాష రాయడం నేర్చుకుంటున్నాను అనుకుంటాడు, నేర్చుకునేది పక్క కొండ వాళ్ళ ఉచ్చారణ. ఇక యునాన్‌లో సానీ వాళ్ళకో, గ్వెయ్‌జోలో నాసు వాళ్ళకో అసలు ఉపయోగమే లేదు.

అందుకే యునాన్ వాళ్ళు 1980లలో రివర్స్‌లో వెళ్ళారు. శబ్దాన్ని పక్కన పెట్టి అర్థాన్ని పట్టుకున్నారు. 2,200కి పైగా అర్థం చెప్పే గుర్తులు, 350 శబ్దం చెప్పే గుర్తులు. కొండ అనే గుర్తు చూసి ఎవరి భాషలో వాళ్ళు కొండ అని చదువుకోవచ్చు, మనందరం 5 అనే అంకెని ఎవరి భాషలో వాళ్ళు చదువుకున్నట్టు. ఆలోచన బాగుంది. ఒక జాతి అని పేరు పెట్టినందుకు ఒక లిపి కూడా ఉండాలన్న కోరిక తీరుతుంది. కాకపోతే 2,600 గుర్తులు బట్టీ పట్టాలి, అందుకే లియాంగ్‌షాన్ లిపి వ్యాపించినంతగా ఇది జనంలోకి వెళ్ళలేదు. గ్వెయ్‌జో వాళ్ళు రెండూ వద్దనుకుని పాత గుర్తులతోనే ఉన్నారు. ఒకే జాతి, మూడు రాష్ట్రాలు, మూడు లిపి విధానాలు.

లియాంగ్‌షాన్ చేసింది తప్పని నేననను. ఆ 819 లేకపోతే ఇవాళ నోసు పిల్లకి తన భాషలో మెసేజ్ పెట్టే దారి ఉండేది కాదు. కాకపోతే తీసేసిన ఆ తొమ్మిది గుర్తులు ఎటు పోయాయి అన్నది మిగిలింది. అవి బిమోల పుస్తకాల్లోనే ఉన్నాయి. 1980ల నుంచి బిమోలు మళ్ళీ బయటికొచ్చారు, చావు ఇంట్లో దారి మళ్ళీ వినిపిస్తోంది. బడిలో యీ లిపి చదివిన కుర్రాడు ఆ పుస్తకం పట్టుకుంటే కొన్ని గుర్తులు తెలిసినవే, చాలా వాటిని పోల్చుకోలేడు.

ఆ పాత గుర్తులన్నిటినీ యూనికోడ్‌లో పెట్టమని చైనా నుంచి 2007లో ఒక ప్రతిపాదన వెళ్ళింది. అందులో ఉన్న గుర్తులు 88,613. వాటిలో ఏది వేరే అక్షరం, ఏది అదే అక్షరానికి ఇంకో బిమో చేతిరాత అని తేల్చాలి. ఆ ప్రతిపాదన వెళ్ళి ఏళ్ళు గడిచాయి, ఆ గుర్తులు ఇంకా పట్టికలోకి రాలేదు. 1974లో షీదె ఉచ్చారణ పెట్టుకుని ఆ పని చకచకా కానిచ్చేశారు. ఈసారి ఎవరి ఉచ్చారణ పెట్టుకోవాలో చెప్పేవాళ్ళు లేరు, ఆ పుస్తకాలు చదవగలిగిన బిమోలు ఉన్నది మూడు రాష్ట్రాల కొండల్లో, ఒకరి మాట ఒకరికి అర్థం కానంత దూరంలో.